చట్టం ఒప్పుకోని పెళ్లి, ఫలకం ఎక్కని సైనికులు: నటాషా ట్రెథవే జీవితం, కవిత్వం

నటాషా ట్రెథవే 1966 ఏప్రిల్ 26న అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో, గల్ఫ్‌పోర్ట్ అనే సముద్రతీర పట్టణంలో పుట్టారు. బానిసత్వాన్ని నిలుపుకోవడానికి దేశం నుంచి విడిపోయి, యుద్ధం చేసి, ఓడిపోయిన దక్షిణాది కాన్ఫెడరేట్ సైనికులను ఆ రాష్ట్రం ఏటా స్మరించుకునే దినం అది. ఆ స్మరణ మొదలై సరిగ్గా వందేళ్లు నిండిన రోజున ఆమె పుట్టారు. తల్లి నల్లజాతి స్త్రీ, తండ్రి కెనడా నుంచి వచ్చిన శ్వేతజాతీయుడు. మిసిసిపీ చట్టం వారి పెళ్లిని పెళ్లిగా గుర్తించలేదు. బిడ్డ జనన పత్రంలో తల్లి జాతి అన్న గడిలో, నల్లజాతివారికి అప్పట్లో ప్రభుత్వం వాడిన 'కలర్డ్' అనే మాట రాశారు. తండ్రి జాతి అన్న గడిలో 'కెనడియన్' అని రాశారు. తెల్లజాతి అని రాస్తే ఆ కాగితమే ఒక నేరాన్ని ఒప్పుకున్నట్టయ్యేది.

ఆ బిడ్డే 2007లో కవిత్వానికి పులిట్జర్ బహుమతి అందుకుని, 2012లో అమెరికా పొయెట్ లారియేట్, అంటే ఆ దేశపు జాతీయ కవి, అయ్యారు. అయితే ఆమె కవితలను అక్కడొకటి ఇక్కడొకటి చదివినవారికి కొంత తికమక తప్పదు. ఒక కవితలో హత్యకు గురైన తల్లి ఉంటుంది, మరో కవితలో 1863 నాటి నల్లజాతి సైనికుడు మాట్లాడతాడు, ఇంకోచోట పద్దెనిమిదో శతాబ్దపు మెక్సికో చిత్రపటాలు కనిపిస్తాయి. రూపాలు చూస్తే సానెట్, గజల్, మలయా దేశపు పాంటూమ్. ఇవన్నీ ఒక కవి చేతికి ఎందుకు వచ్చాయి, వీటిని కలిపే దారం ఏమిటి అన్నది ఆమె జీవితాన్నీ, ఆ జీవితాన్ని చుట్టుముట్టిన చట్టాన్నీ, చరిత్రనూ పక్కపక్కన పెట్టుకుంటే తప్ప తేలదు.

ఒహాయోలో జరిగిన పెళ్లి, మిసిసిపీలో నేరం

ముందు చట్టం సంగతి. వేర్వేరు జాతులవారు పెళ్లాడరాదని నిషేధించే చట్టాలు అమెరికాలో వలస పాలన నాటి నుంచీ ఉన్నాయి. కాలక్రమంలో చాలా రాష్ట్రాలు వాటిని ఎత్తివేసినా దక్షిణాది రాష్ట్రాలు పట్టుకునే ఉన్నాయి. ట్రెథవే తల్లి గ్వెండొలిన్ ఆన్ టర్న్‌బో, తండ్రి ఎరిక్ ట్రెథవే కెంటకీ రాష్ట్రంలో నల్లజాతి విద్యార్థుల కోసం ఏర్పడిన కళాశాలలో చదువుకుంటూ ప్రేమించుకున్నారు. 1965లో నది దాటి ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటికి వెళ్లి పెళ్లి చేసుకున్నారు, ఎందుకంటే అక్కడ ఆ నిషేధం లేదు. తరువాత తల్లి పుట్టిల్లయిన గల్ఫ్‌పోర్ట్‌కు వచ్చి కాపురం పెట్టారు. ఆ విధంగా వారు రెండు చట్టాలను ఉల్లంఘించారని కూతురు తరువాత ఒక కవితలో లెక్క చెప్పింది: జాతి దాటి పెళ్లాడటం ఒకటి, నిషేధాన్ని తప్పించుకోవడానికి రాష్ట్రం దాటి పెళ్లాడి తిరిగి రావడం ఇంకొకటి.

ఈ చట్టాలన్నిటినీ అమెరికా సుప్రీంకోర్టు 1967 జూన్ 12న, 'లవింగ్ వర్సెస్ వర్జీనియా' అనే కేసులో న్యాయమూర్తులందరూ ఏకాభిప్రాయంతో ఇచ్చిన తీర్పులో కొట్టివేసింది. అప్పటికి ఇంకా 16 రాష్ట్రాల్లో ఆ నిషేధం ఉంది. ట్రెథవేకు అప్పుడు ఏడాది దాటి రెండు నెలలు కూడా నిండలేదు. తీర్పుతో చట్టం చెల్లకుండా పోయింది కానీ కాగితం మీద నుంచి వెంటనే చెరిగిపోలేదు. మిసిసిపీ రాజ్యాంగంలోని ఆ నిబంధనను తొలగించడానికి 1987లో ఓటింగ్ జరపవలసి వచ్చింది. అప్పటికి ట్రెథవే ఇరవై ఒకటేళ్ల యువతి.

ఆ పెళ్లి గురించి రాసిన కవితకు ఆమె ఎంచుకున్న రూపం గజల్. దాశరథి, సి. నారాయణరెడ్డి వంటి కవుల వల్ల తెలుగు పాఠకులకు ఈ రూపం కొత్త కాదు. షేరు అంటే రెండు పంక్తుల జత. ఏ షేరుకు ఆ షేరు విడిగా నిలబడాలి, ప్రతి షేరు చివరా ఒకే మాట, అంటే రదీఫ్, తిరిగి రావాలి, చివరి షేరులో కవి పేరు పలకాలి. ఇంగ్లీషులో గజల్ పేరిట చాలామంది నియమాలు వదిలేసి రాస్తున్న కాలంలో కశ్మీరీ కవి ఆగా షాహిద్ అలీ అసలు నియమాలను అమెరికన్ కవులకు పట్టుబట్టి పరిచయం చేశారు. ట్రెథవే గజల్‌లో రదీఫ్‌కు ముందు రావలసిన ప్రాస, అంటే ఖాఫియా, లేదు, కానీ రదీఫ్ మాత్రం నికరంగా ఉంది. ఆ రదీఫ్ 'మిసిసిపీ'. తల్లిదండ్రులు రాష్ట్రం దాటినా, రైలెక్కినా, కెనడాకు వెళ్లినా షేరు చివర మళ్లీ మిసిసిపీలోనే దిగుతారు. ఎంత దూరం వెళ్లినా వదలని ఆ నేల గురించి విడిగా ఒక్క వాక్యం కూడా రాయనక్కరలేకుండా రూపమే ఆ పని చేస్తుంది. బిడ్డ కడుపులో ఉన్నప్పుడు తండ్రి టాల్‌స్టాయ్ 'యుద్ధము-శాంతి' చదువుతూ అందులోని పాత్ర పేరు పెట్టాడు. గజల్ నియమం ప్రకారం ఆ పేరు చివరి షేరులో, మిసిసిపీ పక్కన వచ్చి నిలుస్తుంది. తల్లిదండ్రుల పెళ్లిని కాదన్న రాష్ట్రం పేరూ, ఆ పెళ్లికి పుట్టిన బిడ్డ పేరూ ఒకే షేరులో ఉంటాయి. ఈ ఒక్క కవిత అర్థమైతే ఆమె పద్ధతి సగం అర్థమైనట్టే అని నా అభిప్రాయం.

అట్లాంటా, 1985

ఆ పెళ్లి నిలవలేదు. ట్రెథవేకు ఆరేళ్లప్పుడు తల్లి ఆమెను తీసుకుని జార్జియా రాష్ట్రంలోని అట్లాంటా నగరానికి మారింది. అక్కడ చదువుకుంటూ, ఉద్యోగం చేస్తూ సామాజిక సేవా రంగంలో స్థిరపడింది. రెండో పెళ్లి చేసుకుంది. ఆ భర్త ఇంట్లో హింస పెట్టేవాడు. తల్లి చివరకు ధైర్యం చేసి అతని నుంచి విడిపోయి విడాకులు తీసుకుంది.

తరువాత జరిగినదాన్ని ట్రెథవే 2020లో వచ్చిన 'మెమోరియల్ డ్రైవ్' అనే ఆత్మకథాత్మక గ్రంథంలో వివరించారు. విడాకుల తరువాత ఒక రాత్రి, ఆమె హైస్కూల్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో చీర్‌లీడర్ల జట్టులో ఉండగా, సవతి తండ్రి ప్రేక్షకుల వరసలో కూర్చుని కనిపించాడు. ఆమె భయపడినా చెయ్యి ఊపి నవ్వుతూ పలకరించింది. తల్లిని శిక్షించడానికి ఆ రోజు కూతురిని చంపాలనే తాను తుపాకీతో వచ్చానని, ఆమె పలకరించడంతో ఆగిపోయానని అతను తరువాత చెప్పినట్టు ఆమెకు తెలిసింది. 1984 ఫిబ్రవరిలో అతను తల్లిని చంపబోయి, పట్టుబడి, జైలుకు వెళ్లాడు. విడుదలై వచ్చాక మళ్లీ బెదిరింపులు మొదలుపెట్టాడు. పోలీసులకు అన్నీ తెలుసు, సాక్ష్యం కోసం ఫోను సంభాషణలు కూడా రికార్డు చేయించారు. అయినా 1985 జూన్ 5న అతను ఆమెను కాల్చి చంపాడు. ఆమెకు నలభై ఏళ్లు. కూతురికి పంతొమ్మిది, జార్జియా విశ్వవిద్యాలయంలో చదువుతోంది.

తల్లి హత్య జరిగిన అపార్ట్‌మెంటు ఉన్న రోడ్డు పేరే మెమోరియల్ డ్రైవ్. అది అట్లాంటా నగర మధ్యం నుంచి స్టోన్ మౌంటెన్ దాకా వెళుతుంది. ఆ కొండ రాతి మీద కాన్ఫెడరసీ అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్, సేనానులు రాబర్ట్ లీ, స్టోన్‌వాల్ జాక్సన్ గుర్రాల మీద ఉన్నట్టు అతి పెద్ద శిల్పం చెక్కి ఉంది. ఓడిపోయిన సేనానులకు ఒక కొండంత స్మారకం ఉంది. అదే రోడ్డు మీద చనిపోయిన తల్లి సమాధికి మాత్రం చాలా ఏళ్ల పాటు రాయి కూడా లేదు. పుస్తకానికి రోడ్డు పేరే పెట్టడంలోని ఉద్దేశం ఇక్కడ తెలుస్తుంది.

డిగ్రీ తరువాత ఆమె తన తండ్రి సాహిత్యం బోధించే వర్జీనియాలోని హాలిన్స్‌లో ఎం.ఏ. చేశారు. ఎరిక్ ట్రెథవే కూడా కవి. 1995లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం ఆమ్హర్స్ట్ ప్రాంగణంలో కవిత్వ రచనలో ఎం.ఎఫ్.ఏ. పట్టా తీసుకున్నారు. తొలి సంపుటి 'డొమెస్టిక్ వర్క్' అమ్మమ్మ తరం నల్లజాతి శ్రామిక స్త్రీల గురించి. నల్లజాతి కవుల కోసం ఏర్పడిన కేవ్ కానెం సంస్థ ఇచ్చే బహుమతికి దాన్ని ఎంపిక చేసినది కవయిత్రి రీటా డవ్, అది 2000లో వెలువడింది. 2002లో వచ్చిన రెండో సంపుటి, న్యూ ఆర్లియన్స్‌లో ఫొటోగ్రాఫర్ బెలాక్ 1912 ప్రాంతంలో తీసిన వేశ్యల ఫొటోల నుంచి ఒక మిశ్రమజాతి యువతిని ఊహించి, ఆమె ఉత్తరాల రూపంలో రాసినది. ఫొటోలో ఉండి చరిత్రలో పేరు లేని మనిషికి గొంతు ఇవ్వడం అనే పద్ధతి అక్కడే స్థిరపడింది.

షిప్ ఐలండ్: ఫలకం మీద ఎవరి పేర్లు ఉన్నాయి

గల్ఫ్‌పోర్ట్ తీరం నుంచి పడవ ఎక్కితే షిప్ ఐలండ్ అనే ఇసుక దీవి వస్తుంది. అక్కడ ఫోర్ట్ మసాచుసెట్స్ అనే పాత ఇటుక కోట ఉంది. ట్రెథవే చిన్నప్పటి నుంచీ ఆ దీవికి వెళ్లేవారు. అంతర్యుద్ధ కాలంలో ఉత్తరాది సైన్యం, అంటే యూనియన్ సైన్యం, ఆ దీవిలో కాన్ఫెడరేట్ యుద్ధఖైదీలను ఉంచింది. ఆ ఖైదీల పేర్లతో కోట ద్వారం దగ్గర 'డాటర్స్ ఆఫ్ ది కాన్ఫెడరసీ' అనే సంఘం ఒక ఫలకం పెట్టింది. వారికి కాపలా కాసిన సైనికులు నల్లజాతివారు, వారిలో చాలామంది అంతకు కొద్దికాలం ముందు దాకా బానిసలు. వారి పేర్లు ఏ ఫలకం మీదా లేవు. ఆ విషయం ఆమెకు బడిలో కాని, దీవిలో యాత్రికులకు వివరాలు చెప్పేవారి దగ్గర కాని తెలియలేదు. పెద్దయ్యాక ఒక రెస్టారెంట్‌లో పక్క బల్ల దగ్గర కూర్చున్న అపరిచిత స్త్రీ చెబితే తెలిసింది.

ఆ దళం పేరు లూసియానా నేటివ్ గార్డ్స్. ఇక్కడ ఒక చిక్కు ఉంది, చాలా వ్యాసాలు దాన్ని దాటేస్తాయి. ఈ పేరుతో మొదట 1861లో ఏర్పడిన దళం కాన్ఫెడరేట్ పక్షానిది. న్యూ ఆర్లియన్స్‌లో స్వతంత్రులైన, కొంత ఆస్తి కలిగిన నల్లజాతి, మిశ్రమజాతి పౌరులు ఉండేవారు. తమ హోదాను, ఆస్తిని కాపాడుకోవడానికో, ఒత్తిడి వల్లనో వారు స్థానిక మిలీషియాగా ఏర్పడ్డారు. కాన్ఫెడరేట్ ప్రభుత్వమే వారిని నమ్మి యుద్ధానికి పంపలేదు. 1862 ఏప్రిల్‌లో యూనియన్ సేనలు నగరాన్ని పట్టుకున్నాక, జనరల్ బెంజమిన్ బట్లర్ అదే ఏడాది సెప్టెంబరు నుంచి అదే పేరుతో కొత్త దళాలను ఏర్పరిచాడు. పాతవారిలో కొందరే అందులో చేరారు, ఎక్కువమంది పారిపోయి వచ్చిన బానిసలు. అధికారుల్లో ఫ్రాన్సిస్ డ్యూమా అనే మేజర్ కథ మరింత సంక్లిష్టం. తెల్ల తండ్రి నుంచి వారసత్వంగా బానిసలు సంక్రమించిన మిశ్రమజాతి వ్యక్తి అతను. తన బానిసలను విడుదల చేసి, ఇష్టమైనవారిని తన దళంలోనే చేర్చుకున్నాడు. బానిసత్వం నలుపు తెలుపుల మధ్య తిన్నని గీత గీసిందనుకునేవారికి ఈ ఒక్క మనిషి చాలు. ట్రెథవే కవితలో అతను కనిపిస్తాడు.

రెండో రెజిమెంటు 1863 జనవరిలో షిప్ ఐలండ్ చేరింది. ఏప్రిల్ 9న పాస్కగూలా పట్టణం మీద దాడికి వెళ్లి తిరిగి వస్తుండగా, వారికి అండగా ఉండవలసిన యూనియన్ యుద్ధనౌక వారి మీదికే గుండ్లు పేల్చింది. కొందరు సైనికులు సొంత పక్షం చేతిలోనే చనిపోయారు. అదే ఏడాది మే 27న పోర్ట్ హడ్సన్ అనే కాన్ఫెడరేట్ కోట ముట్టడిలో నేటివ్ గార్డ్స్ దళాలు ఘోరంగా దెబ్బతిన్నాయి. కెప్టెన్ ఆంద్రే కాయూతో సహా వారి మృతదేహాలు ఆ కోట జులైలో లొంగిపోయేదాకా యుద్ధభూమిలోనే పడి ఉన్నాయి. ఈ సంఘటనలన్నీ 2006లో వచ్చిన 'నేటివ్ గార్డ్' సంపుటిలో ఉన్నాయి. ఆ రెజిమెంటు తెల్ల కల్నల్ నేథన్ డేనియల్స్ రాసుకున్న యుద్ధకాలపు దినచర్య ఆమెకు ప్రధాన ఆధారాల్లో ఒకటి.

మళ్లీ మళ్లీ తిరిగి వచ్చే పంక్తులు

సంపుటికి పేరిచ్చిన కవిత పది సానెట్ల మాల. సానెట్ అంటే పద్నాలుగు పంక్తుల పద్యం. ఒక సానెట్ చివరి పంక్తి, కొద్ది మార్పుతో, తరువాతి సానెట్ మొదటి పంక్తి అవుతుంది. పాదం చివర విడిచిన పదాన్ని తరువాతి పాదం మొదట అందుకునే ముక్తపదగ్రస్తాన్ని ఎరిగిన తెలుగు పాఠకుడికి ఈ నడక వెంటనే పట్టుబడుతుంది, ఇక్కడ తేడా ఏమిటంటే పదానికి బదులు పంక్తే అందుతుంది. పదో సానెట్ చివరి మాటలు మొదటి సానెట్ మొదటి మాటలే, కాబట్టి మాల మూసుకుంటుంది.

మాట్లాడేది అక్షరం వచ్చిన ఒక మాజీ బానిస. చదువు రాని కాన్ఫెడరేట్ ఖైదీల తరఫున అతను వారి ఇళ్లకు ఉత్తరాలు రాసిపెడతాడు. తన దినచర్యను మాత్రం, శత్రువు ఇంట్లో నుంచి తెచ్చిన, అప్పటికే రాసి నిండిన పుస్తకంలో, పాత రాత మీద అడ్డంగా రాస్తాడు. కాగితం కొరత ఉన్న రోజుల్లో అలా అడ్డంగా రాయడం వాడుకే. ఆ పేజీని ఒకసారి ఊహించండి: యజమాని వర్గపు వాక్యాలు నిలువుగా, మాజీ బానిస వాక్యాలు వాటి మీదుగా అడ్డంగా, ఏది చదవాలన్నా రెండోదాని గుండా చదవాలి. అతని వీపు మీద కొరడా దెబ్బల మచ్చలు కూడా అలాగే అడ్డదిడ్డంగా ఉన్నాయని కవిత గుర్తు చేస్తుంది. దక్షిణాది చరిత్ర గురించి ట్రెథవే భావన అంతా ఆ ఒక్క పేజీలో ఉంది. పాత రాతను చెరపడం ఆమె ఉద్దేశం కాదు, దాని మీద రెండో రాత కూడా ఉందని చూపడమే.

అదే సంపుటిలోని 'ఇన్సిడెంట్' పాంటూమ్ రూపంలో ఉంది. ఒక చరణంలోని రెండో, నాలుగో పంక్తులు తరువాతి చరణంలో మొదటి, మూడో పంక్తులుగా తిరిగి వస్తాయి. చివరికి కవిత మొదలైన పంక్తితోనే ముగుస్తుంది. సంఘటన ఇది: ఒక రాత్రి తెల్లజాతి ఆధిపత్యవాదుల ముఠా అయిన కూ క్లక్స్ క్లాన్ మనుషులు తెల్ల అంగీలతో వచ్చి, ఇంటి దగ్గర శిలువ నాటి తగలబెట్టి వెళ్లారు. ఇంటివాళ్లు దీపాలు తగ్గించి తెరల సందుల్లో నుంచి చూశారు. ఎవరికీ దెబ్బ తగలలేదు, పొద్దున్నకి మంట ఆరిపోయింది, గడ్డి మళ్లీ పచ్చబడింది. పైకి చూస్తే ఏమీ జరగలేదు. కానీ ఆ కుటుంబం ఏటా ఆ కథ చెప్పుకుంటూనే ఉంది. భయం పంక్తి పంక్తికీ తిరిగి వచ్చే ఈ రూపం ఆ చెప్పుకోవడాన్నే అనుకరిస్తుంది.

'మిత్' అనే కవితలో పద్ధతి ఇంకా కఠినం. తొమ్మిది పంక్తులు అయ్యాక, అవే పంక్తులు చివరి నుంచి మొదటికి వెనక్కు నడుస్తాయి. ఆమె పంక్తులను ఎత్తి రాయకుండా, పద్ధతి తెలియడానికి నేను కట్టిన చిన్న నమూనా ఇది:

నేను నిద్రలో ఉన్నాను,
నువ్వు గడప దాటావు,
చెయ్యి చాచాను.

చెయ్యి చాచాను,
నువ్వు గడప దాటావు,
నేను నిద్రలో ఉన్నాను.

మొదటి మూడు పంక్తుల్లో, పోతున్న మనిషి కోసం చాచిన చెయ్యి చివర ఉంది కాబట్టి ఆశ మిగిలింది. తిరుగు నడకలో చెయ్యి ముందు, నిద్ర చివర. మాటలు మారకుండానే ఆశ పోయింది. ట్రెథవే కవితలో తల్లి కలలో బతికి ఉంటుంది, మెలకువ రాగానే మళ్లీ చనిపోతుంది. గ్రీకు పురాణంలో ఆర్ఫియస్ పాతాళం నుంచి భార్యను వెంటబెట్టుకు వస్తూ వెనక్కు తిరిగి చూసి ఆమెను పోగొట్టుకున్న కథ నీడగా ఉంటుంది. వెళ్లిన దారినే తిరిగి రావడం ఆ కథలోనూ ఉంది, కవిత నడకలోనూ ఉంది.

ఇంకొక్క కవిత సంగతి చెప్పాలి. తల్లి అంత్యక్రియల గురించిన 'గ్రేవ్‌యార్డ్ బ్లూస్' చివర్లో తల్లి పేరు చెక్కిన రాయి తన తలగడ అన్నట్టు ఒక చిత్రం వస్తుంది. రాసిన తరువాత ఆమెకే తట్టింది, తల్లి సమాధి మీద రాయే లేదు కదా అని. కవితను దిద్దలేదు. ఆ లోటును ఒప్పుకుంటూ, సమాధి మట్టిని తవ్విపోస్తున్న చీమలను చూసే 'మాన్యుమెంట్' అనే మరో కవిత అదే సంపుటిలో చేర్చారు. ఫలకం లేని సైనికులూ, రాయి లేని తల్లీ ఒకే పుస్తకంలోకి ఎందుకు వచ్చారన్న ప్రశ్నకు సమాధానం ఇదే. రెండు లోట్లూ ఆమెకు ఒకే రకమైనవి. పంక్తిని వదిలిపెట్టకుండా మళ్లీ మళ్లీ తెచ్చే రూపాలను ఆమె వెతుక్కున్నది అందుకే. వాటిని అలంకారంగా మాత్రమే చూస్తే పుస్తకం సగమే కనిపిస్తుంది.

2012 నాటి 'త్రాల్' సంపుటిలో ఈ దారం తండ్రి వైపు సాగుతుంది. స్పెయిన్ పాలనలో ఉన్న మెక్సికోలో, ఏ జాతి తండ్రికీ ఏ జాతి తల్లికీ పుట్టిన బిడ్డను ఏమని పిలవాలో చిత్రించి, కింద పేరు రాసిన 'కాస్టా' పటాలు ఉండేవి. జనన పత్రంలో 'కెనడియన్' అన్న మాటతో మొదలైన జీవితానికి ఆ పటాలు పరాయివి కావు. అదే సంపుటిలో తండ్రీకూతుళ్లు థామస్ జెఫర్సన్ ఎస్టేట్ మాంటిచెల్లోకు వెళతారు. స్వేచ్ఛ గురించి రాసిన జెఫర్సన్, తన బానిస స్త్రీ శాలీ హెమింగ్స్ ద్వారా బిడ్డలను కన్న సంగతి వారి మధ్య మాటల్లోకి వస్తుంది. ప్రేమించే తెల్ల తండ్రికీ నల్ల కూతురికీ మధ్య కూడా ఆ చరిత్ర కూర్చునే ఉంటుందని ఆమె నిష్ఠూరం లేకుండా, మొహమాటం లేకుండా చెప్పారు. ఎరిక్ ట్రెథవే 2014లో మరణించారు.

లారియేట్ అంటే ఆస్థాన కవి కాదు

పొయెట్ లారియేట్ అనగానే మనకు ఆస్థాన కవి గుర్తుకు వస్తాడు. దాశరథి 1977 నుంచి 1983లో ఆ పదవిని రద్దు చేసేదాకా ఆంధ్రప్రదేశ్ ఆస్థాన కవిగా ఉన్నారు, నియమించినది రాష్ట్ర ప్రభుత్వం. అమెరికాలో పద్ధతి వేరు. నియామకం చేసేది అధ్యక్షుడు కాదు, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ అధిపతి. 1937లో కవిత్వ సలహాదారు పేరుతో మొదలైన ఈ పదవికి 1986లో లారియేట్ బిరుదు చేరింది. గౌరవ వేతనం 35 వేల డాలర్లు ప్రభుత్వ ఖజానా నుంచి రాదు, ఆర్చర్ హంటింగ్టన్ అనే దాత ఏర్పరిచిన నిధి నుంచి వస్తుంది. ప్రభుత్వాన్ని పొగడాలనీ, సందర్భానికో కవిత రాయాలనీ నియమం లేదు.

ట్రెథవే 19వ లారియేట్‌గా 2012 నుంచి 2014 వరకు రెండు దఫాలు పనిచేశారు. 2013 మొదటి నెలల్లో వాషింగ్టన్‌లోనే ఉండి, లైబ్రరీలో కూర్చుని, వచ్చిన సామాన్య పాఠకులతో మాట్లాడారు. లారియేట్లు సాధారణంగా అలా చేయరు. రెండో దఫాలో ఒక టెలివిజన్ వార్తా కార్యక్రమంతో కలిసి, మతిమరుపు వ్యాధిగ్రస్తులకు కవిత్వం వినిపించే న్యూయార్క్ కేంద్రానికీ, డెట్రాయిట్ బడులకూ, సియాటిల్‌లో బాల నేరస్థులను ఉంచే చోటికీ వెళ్లారు. అవే సంవత్సరాల్లో మిసిసిపీ రాష్ట్ర లారియేట్ కూడా ఆమే.

అభ్యంతరాలు, వాటి బరువు

ట్రెథవే కవిత్వం మీద గట్టి ప్రశ్నలు ఉన్నాయి. మొదటిది నిగ్రహం గురించి. ఇంత ఘోరాన్ని ఇంత పొందికైన రూపాల్లో పెడితే దుఃఖం చల్లారిపోదా, పాఠకుడు బాధను వదిలి పనితనాన్ని మెచ్చుకుంటూ కూర్చోడా అన్నది ఒక వాదన. కొన్ని కవితల విషయంలో ఇది నిజమే, ముఖ్యంగా చిత్రపటాల మీద రాసిన కొన్నిటిలో వివరణ కవితను మించిపోతుంది. కానీ 'ఇన్సిడెంట్', 'మిత్' వంటి చోట్ల పొందికను తీసేస్తే మిగిలేది కేవలం సమాచారం, అందువల్ల ఆ వాదన అక్కడ నిలవదని నాకు తోస్తుంది.

రెండోది, రాసుకున్న మాట దొరకని సైనికుడి నోట కవి తన మాటలు పెట్టవచ్చునా అన్నది. చరిత్రకారుల వైపు నుంచి చూస్తే ఊహించిన గొంతు నిజమైన సాక్ష్యం స్థానాన్ని ఆక్రమించే ప్రమాదం ఉంది, ఆ దళం కాన్ఫెడరేట్ మూలం వంటి ఇబ్బందికరమైన వివరాలు వీరగాథలో కరిగిపోవచ్చు. కవుల వైపు నుంచి చూస్తే, కాగితాలు దాచుకునే హక్కు ఒక వర్గానికే ఉన్న చోట కాగితాలకే కట్టుబడితే మౌనం శాశ్వతమవుతుంది. ట్రెథవే తేదీలను, స్థలాలను రికార్డుల ప్రకారం ఉంచి, లోపలి గొంతును మాత్రమే ఊహించారు. డ్యూమా వంటి ఇబ్బందికరమైన మనిషిని దాచలేదు.

మూడోది స్మారకాల గురించి. చనిపోయిన ఖైదీల పేర్లు రాసిన ఫలకం వారి కుటుంబాల దుఃఖానికి గుర్తు, దాన్ని ద్వేషంగా చూడటం అన్యాయం అనేవారు దక్షిణాదిలో ఉన్నారు. ఆ ఫలకాలు పెట్టిన సంఘాలు బానిసత్వాన్ని మరుగుపరిచే చరిత్రను కావాలనే ప్రచారం చేశాయి కాబట్టి అవి నిర్దోషమైన దుఃఖచిహ్నాలు కావనేవారూ ఉన్నారు. 'నేటివ్ గార్డ్' కవితలు ఖైదీల పేర్లను చెరపమని అడగవు. వారి ఉత్తరాలు రాసిపెట్టే సైనికుడిని సృష్టించిన కవికి వారి ఇళ్ల దుఃఖం తెలియదనడం కష్టం. ఆ కవితలు అడిగేది పక్కన లేని పేర్ల గురించే.

చివరిది, నా దృష్టిలో అన్నిటికన్నా కఠినమైనది, 'మెమోరియల్ డ్రైవ్' గురించి. హత్య జరిగిన ఇరవై ఏళ్లకు, ఆ రోజు మొదట సంఘటనా స్థలానికి చేరిన పోలీసు ఒకరు అట్లాంటా ప్రాంతంలో ఆమెకు తారసపడ్డారు. ఆయన ద్వారా కేసు కాగితాలు ఆమె చేతికి వచ్చాయి. వాటిలో తల్లి స్వయంగా రాసుకున్న పేజీలూ, మాజీ భర్తతో జరిగిన ఫోను సంభాషణల రాతప్రతులూ ఉన్నాయి. ట్రెథవే వాటిని పుస్తకంలో యథాతథంగా, పెద్దగా వ్యాఖ్యానం లేకుండా అచ్చువేశారు. అనుమతి అడగడానికి తల్లి లేదు, ఆ పేజీలు పోలీసుల కోసం రాసినవే తప్ప పాఠకుల కోసం కావు. హంతకుడి మాటలు కూడా వాటితో పాటు అచ్చులోకి వచ్చాయి. ఈ అభ్యంతరాలను తేలిగ్గా తీసేయలేం. అయితే ఆ సంభాషణలు చదివినవారికి ఒక విషయం స్పష్టంగా కనిపిస్తుంది. బెదిరించే మనిషితో ఆమె తొణకకుండా, తన బిడ్డల భద్రత గురించి ఆలోచిస్తూ, ప్రతి మాటా తూచి మాట్లాడుతుంది. ఎన్నో ఏళ్ల పాటు వార్తల్లో, కోర్టు కాగితాల్లో బాధితురాలిగా మాత్రమే ఉన్న గ్వెండొలిన్ టర్న్‌బో ఆలోచించే, వాదించే, ప్రణాళిక వేసుకునే మనిషిగా మొదటిసారి తన సొంత వాక్యాల్లో కనిపిస్తుంది. సైనికుడికి ఊహించిన గొంతు ఇవ్వవలసి వచ్చిన కవి, తల్లి విషయంలో తన గొంతు తగ్గించుకుని అసలు గొంతును ముందుంచారు. ఆ నిర్ణయం సరైనదేనని నేను అనుకుంటాను, కానీ దాన్ని ఒప్పుకోని పాఠకులకు కూడా బలమైన కారణాలు ఉన్నాయి.

ట్రెథవే 2017 నుంచి షికాగో దగ్గరి నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో బోధిస్తున్నారు. తాను రచన వైపు ఎందుకు వచ్చారో చెప్పే 'ది హౌస్ ఆఫ్ బీయింగ్' అనే చిన్న పుస్తకం 2024లో వెలువడింది. గల్ఫ్‌పోర్ట్‌లో 49వ నంబరు రహదారీ, జెఫర్సన్ పేరు పెట్టుకున్న వీధీ కలిసే మలుపులో ఉన్న అమ్మమ్మ ఇల్లు ఆ పుస్తకానికి కేంద్రం.